మోగనప్పుడు నొక్కకూడదు

చెవుల పరీక్షకు వచ్చిన ప్రతి మనిషీ ఎంతో కొంత అబద్ధమాడతాడు. కావాలని కాదు, పాపం. గాలి కూడా చొరబడని చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికొక బటన్ ఇచ్చి, "కూత వినబడినప్పుడల్లా నొక్కండి" అని తలుపు వేసేస్తే, ఎంతటి సత్యసంధుడికైనా లేని కూతలు వినబడడం మొదలవుతుంది. వినబడాలన్న ఆశ అలాంటిది. అందుకే పని తెలిసినవాళ్ళు మధ్యమధ్య మెషిన్ ఆపేసి ఊరికే కూర్చుంటారు. దాన్ని ఖాళీ ఇవ్వడం అంటారు. ఖాళీలో కూడా నొక్కాడంటే ఆ మనిషి మాటా, కాగితం మీద గీసిన గీతా, రెండూ నమ్మడానికి లేదు.

ఆ క్లినిక్కులో ఈ పని చేసే ఆమెను వీధి వీధంతా చెవులమ్మ అంటుంది. అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు, ఆమె కూడా పట్టించుకోదు. ఆ రోజు పొద్దున్నే వచ్చినవాడు ఒక రిటైరైన బస్సు డ్రైవరు. గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. అందరూ అలాగే కూర్చోవాలి, లేకపోతే గది అద్దాల కిటికీలోంచి బయట కూర్చున్న ఆమె చెయ్యి కదలడం కనిపించిపోతుంది. చెవులమ్మ ఖాళీ ఇచ్చింది. అయినా ఆయన బటన్ నొక్కినట్టు బల్ల మీద చిన్న దీపం వెలిగింది. మళ్ళీ ఖాళీ ఇచ్చింది, మళ్ళీ వెలిగింది. ఆమె లేచి తలుపు తీసింది.

"తాతగారూ, నేనింకా ఏమీ మోగించలేదండీ."

"మోగిందమ్మా," అన్నాడాయన, ఆమె వైపు తిరక్కుండానే. "నువ్వు మోగించలేదేమో. మోగడం మాత్రం మోగింది."

ఇలాంటి మాటలు ఆమె రోజూ వినేవే. అయినా ఆ గదిలో వింటే ఒళ్ళు జలదరిస్తుంది. అక్కడ మాట పెదవి దాటగానే చచ్చిపోతుంది. గోడను తాకి తిరిగి రాదు. పక్కవాళ్ళు మాట్లాడుతున్నా, వాళ్ళు పక్కన లేరేమో అనిపిస్తుంది.

ఆయన వెళ్ళాక చెవులమ్మ అక్క వచ్చింది. అక్క కుట్టుపని చేస్తుంది. కుడి చెవి చిన్నప్పటి జ్వరానికి ఎప్పుడో పోయింది. ఇప్పుడు ఎడమ చెవి లోపల గడ్డ. సోమవారం ఆపరేషన్. ప్రాణానికేం ఢోకా లేదు గాని ఆ చెవి మీద మాత్రం ఆశ వదులుకోండని డాక్టరు కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేశాడు. ఈలోగా ఎంత వినబడుతోందో చూసి గీత గీసి పంపమన్నాడు.

గోడ వైపు తిరిగి కూర్చోమంటే అక్క ఒప్పుకోలేదు. "ఆ గోడ చూస్తుంటే బతికుండగానే పెట్టెలో పెట్టి మేకులు కొట్టినట్టుంటుందే. నీ మొహం చూస్తూ కూర్చుంటాలే" అంది. చెవులమ్మ కుర్చీని అద్దం వైపు తిప్పింది. ఖాళీలు కూడా ఇవ్వలేదు. ఖాళీ అంటే ఉచ్చు. తోడబుట్టినదానికి ఎవరైనా ఉచ్చు పన్నుతారా? కూత వెంట కూత మోగించింది. అక్క ఒక్కటి కూడా పోనివ్వకుండా నొక్కింది.

"ఇంకా ఉందా?" అని అడిగింది అక్క బయటికొచ్చి.

"నిక్షేపంలా ఉంది!"

అక్క ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూసి, బుగ్గ మీద చిన్నగా తట్టి వెళ్ళిపోయింది.

శనివారం ఆ ఊళ్ళో ఒక గాయని కచేరీ ఉంది. అక్క కుట్టు మెషిన్ మీద కూర్చుందంటే ఆ గాయని గొంతు మోగాల్సిందే. ఆమె పాటతో మొదలైతే చొక్కాకి కాలరు కూడా తిన్నగా కూర్చుంటుందనేది. "చెవి పోయేలోగా ఒక్కసారి ఎదురుగా కూర్చుని వింటే చాలే, తరవాత ఏమైనా కానీ" అని అక్క ఎప్పుడో అంది. తరవాత మళ్ళీ అనలేదు. అనకపోతే మాత్రం? చెవులమ్మ మనసులో ఆ మాట నాటుకుపోయింది. టికెట్లు అమ్మకానికి పెట్టిన రోజు ఆమె పరీక్షలో ఉంది, ఫోన్ బయట సొరుగులో ఉంది. బయటికొచ్చి చూసుకునేసరికి హాలు మొత్తం నిండిపోయింది.

అక్కకు పరీక్ష చేసిన మధ్యాహ్నమే ఆమె హాలుకు వెళ్ళింది. కౌంటర్లో కూర్చున్న ఆమె తలెత్తకుండానే "అయిపోయాయి" అంది. చెవులమ్మ కదలలేదు. సోమవారం సంగతి, అక్క సంగతి, అద్దానికున్న చిల్లులోంచి చెప్పగలిగినంత చెప్పింది. కౌంటరామె కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

"చూడమ్మా, అయిపోయిన టికెట్టు దొరకదని కాదు. కొన్నవాళ్ళలో రాలేనివాళ్ళు ఉంటారు. వాళ్ళు ఇక్కడికి రావాలి, మీరూ రావాలి. ఇద్దరూ నా ఎదురుగా నిలబడితే పాత పేరు తీసేసి మీ పేరు ఎక్కిస్తాను. డబ్బు అప్పుడివ్వండి. అంతవరకు ఎవరికీ చిల్లిగవ్వ ఇవ్వొద్దు."

"ఫోన్‌లో పంపిస్తామంటున్నారు గదండీ చాలామంది?"

"ఫోన్‌లో వచ్చేది టికెట్టు కాదు, దాని బొమ్మ. ఒకే బొమ్మ ఎంతమందికైనా పంపొచ్చు. ముందొచ్చినవాడు లోపలికి, మిగతావాళ్ళు మెట్ల మీదికి. కచేరీ ఉన్నప్పుడల్లా చూస్తున్నాను వాళ్ళ మొహాలు." ఆమె మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుంది. "మా హాల్లో ఎక్కడ కూర్చున్నా ఒకటే లెండి. ఒక్క స్తంభం లేదు, అడ్డం లేదు. ఆవిడ మొదటి పాట దీపాలన్నీ ఆర్పించి, వాయిద్యాలు లేకుండా పాడుతుంది. చీకట్లో వట్టి గొంతు. మాకే భయమేస్తుంది."

నంబరు రాసిచ్చి, ఎవరైనా తిరిగిస్తే కబురు చెయ్యమని బతిమాలి, చెవులమ్మ అక్క కొట్టుకు వెళ్ళింది. ఇంటి ముందు గదే కొట్టు. వెనక గదుల్లో కాపురం. రేడియో కట్టేసి ఉంది. ఆపరేషన్ దాకా చెవికి విశ్రాంతి ఇస్తున్నానని అక్క ఈమధ్య దాన్ని ముట్టుకోవడం లేదు. మెషిన్ నడుస్తోంది. పై దారం కదులుతోంది గాని బాబిన్‌లో దారం అయిపోయింది, కుట్టు పడకుండా గుడ్డ అలా జారిపోతోంది. కింది దారం అయిపోతే మెషిన్ చప్పుడు పల్చబడుతుంది. ఆ తేడాని అక్క నిద్దట్లో కూడా పసిగట్టేది. అలాంటిది, ఒక అరచెయ్యి మెషిన్ తల మీద పెట్టుకుని తొక్కుతూనే ఉంది.

"అక్కా, బాబిన్ అయిపోయింది." పలకలేదు. భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడింది.

"ఏదో ఆలోచనలో పడ్డానే," అంది, గొంతు కొంచెం పెద్దది చేసి.

ఆపరేషన్ దిగులు, ఇంకేముంటుంది అనుకుంది చెవులమ్మ. పాపం, పైకి చెప్పుకోదు.

బావ అప్పుడే లోపలికొచ్చాడు. పరుపులు కుట్టి అమ్ముతాడు. ఏం పని అని ఎవరైనా అడిగితే "నిద్ర అమ్ముతా" అంటాడు. మనిషి మంచివాడే, గొంతే లారీ హారను. మరదలు కౌంటరు దగ్గర జరిగింది చెబితే తేలిగ్గా తీసిపారేశాడు.

"కౌంటర్ల దగ్గర మొరపెట్టుకుంటే పనులవుతాయా మరదలా? చెవిటివాడి ముందు శంఖమూదితే ఏం కొరుకుతున్నావని అడిగాడట!" అని, అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఇద్దరూ భయంభయంగా అక్క వైపు చూశారు. అక్క వాళ్ళకు వీపు పెట్టి బాబిన్‌కు దారం చుట్టుకుంటోంది. విన్నట్టు లేదు. బావ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

అతను కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఫోన్‌లో వెతికి ఒకణ్ణి పట్టాడు. నడవ పక్క రెండు సీట్లు, కొన్న ధరకే. "నువ్వే మాట్లాడు, మనిషి బంగారం" అంటూ ఫోన్ పెద్దగా వినబడేలా పెట్టాడు.

"అక్కా, నమస్తే అక్కా!" అంది అవతలి గొంతు, వెన్న రాసినట్టు. "మా ఆవిడకు ఒంట్లో బాగోలేదక్కా, లేకపోతే ప్రాణం పోయినా ఇచ్చేవాణ్ణి కాదు." వెనకాల పాప కిలకిలా నవ్వింది. ఒక పళ్ళెం కిందపడి గిరగిరా తిరిగి ఆగింది. ఎవరో తుమ్మారు. "ఏయ్, అల్లరి చెయ్యకమ్మా! ... సగం ఇప్పుడు పంపండక్కా, మిగతాది టికెట్టు అందాకే."

"కౌంటర్ దగ్గర పేరు మార్చుకుందామండీ."

"అయ్యో, అంత దూరం ఎందుకక్కా, పిల్లలున్న ఇల్లు. ఆలోచించుకోండి, గంటకో ఫోన్ వస్తోంది నాకు."

"చూశావా?" అన్నాడు బావ, ఫోన్ పెట్టేశాక. "సంసారి. ఇల్లంతా పిల్లల సందడి. అలాంటివాడు మోసం చేస్తాడా?" చెవులమ్మకు కూడా చెయ్యి లాగింది. గోరంత ఆశ దొరికితే మనిషి కొండంత చేసుకుంటాడు. అయినా ఒక రాత్రి ఆగి చూద్దామంది.

మర్నాడు భోజనం వేళ పరీక్ష గదిలోనే కూర్చుని అతనికి తనే ఫోన్ చేసింది. బయటి చప్పుడేదీ రాని చోటు కదా, ఫోన్‌లోని ప్రతిదీ చెవి పక్కన నిలబడినట్టు వినబడింది. "అక్కా, నమస్తే అక్కా!" పాప కిలకిలా నవ్వింది. పళ్ళెం పడింది, గిరగిరా తిరిగి ఆగింది. ఎవరో తుమ్మారు.

చెవులమ్మ ఊపిరి బిగబట్టింది. అతను ఏదో చెప్పుకుపోతున్నాడు. అతని మాటలు వదిలేసి వెనకాల విన్నది. కాసేపు ఏమీ లేదు. తరవాత పాప నవ్వింది, నిన్నటి నవ్వే, చివర్లో అదే చిన్న ఎక్కిలి. పళ్ళెం. గిరగిర. తుమ్ము. ఆ ఇంట్లో పాప లేదు. పళ్ళెం లేదు. బహుశా ఇల్లే లేదు. ఎప్పుడో, ఎక్కడో నవ్విన ఒక పసిపిల్లని అతను ఫోన్ వచ్చినప్పుడల్లా మళ్ళీ నవ్విస్తున్నాడు.

భయపడినా పని మర్చిపోయే మనిషి కాదు. అతనికి ఖాళీ ఇచ్చింది.

"ఒక్క సందేహమండీ. ఆ వరుస ముందు లావుపాటి స్తంభం ఒకటి అడ్డం వస్తుందట కదా?"

"ఆ స్తంభమా అక్కా? కొంచెం పక్కకి వాలితే చాలు, ఏమీ కాదు. నేనెన్నిసార్లు కూర్చోలేదూ!"

లేని స్తంభం పక్కకి వాలి కూర్చున్నవాడితో ఇంక మాటలేమిటి? ఫోన్ కట్టేసి, గది బయటికొచ్చి, క్లినిక్కు వరండాలో నిలబడి నిజమైన చప్పుళ్ళు కాసేపు విన్నది. బావకు చెబితే నోరు వెళ్ళబెట్టాడు. "ఓరి వీడి దుంప తెగ! పిల్లని కూడా పెట్టెలో పెట్టి మోగిస్తున్నాడా!"

సాయంత్రం కౌంటరామె దగ్గర్నుంచి కబురొచ్చింది. ఎవరో పెద్దాయన రెండు సీట్లు తిరిగిస్తానంటున్నాడు. "మంచివాడిలాగే ఉన్నాడు. కానీ ఫోన్‌లో మాట్లాడితే మాత్రం... మీరే చూడండి" అని నంబరిచ్చింది.

అవతల ఫోన్ ఎత్తారు. ఎవరూ పలకలేదు. చెవులమ్మ హలో అంది. చాలాసేపటికి ఒక గొంతు, గుసగుస కంటే కాస్త పైన, "చెప్పండి" అంది. ఆమె చెవి అలవాటుగా గొంతు వెనక్కి వెళ్ళింది. అక్కడ ఏమీ లేదు. ఫ్యాను లేదు, కిటికీ లేదు, వీధి లేదు. మనిషి ఎక్కడ నిలబడి మాట్లాడినా గొంతు వెంట ఒక గది ఉంటుంది. ఈ గొంతుకు గది లేదు. గొంతు అలా వినబడేది తన పరీక్ష గదిలోంచి మాత్రమే. ఆమెకు తెలియకుండానే చూపు ఆ గది తలుపు వైపు పోయింది. తలుపు వేసే ఉంది. లోపల ఎవరూ లేరు.

"ఆ సీట్ల ముందు స్తంభం అడ్డం వస్తుందట కదండీ?" అంది.

మళ్ళీ ఆ నిశ్శబ్దం. "ఆ హాల్లో స్తంభం లేదు," అన్నాడతను. "పేరు కౌంటరు దగ్గరే మార్పిద్దాం. డబ్బు అక్కడే ఇవ్వండి. కానీ ముందొకసారి మా ఇంటికి రండి. ఆ సీట్లు ఎవరి చేతికి పోతున్నాయో నేను చూడాలి."

పాప నవ్వులున్నవాడు దొంగ. ఇతనికి ఆ నవ్వుల్లాంటివేవీ లేవు, అయినా వెళ్ళడానికి కాళ్ళు రావడం లేదు. "దయ్యం గొంతులా ఉంది, నేనూ వస్తా" అన్నాడు బావ. మర్నాడు పట్టపగలే ఇద్దరూ వెళ్ళారు. అక్కకు చెప్పలేదు. టికెట్లు చేతికొచ్చాకే చెబుదామనుకున్నారు.

సందు చివర పాత మేడ, దాని కింద నేలగదికి మెట్లు. తలుపు పక్క కాలింగ్ బెల్ వైర్లు కత్తిరించి ఉన్నాయి. వచ్చామని ఫోన్‌లో రాస్తే తలుపు దానంతట అది తెరుచుకున్నట్టు చప్పుడు లేకుండా తెరుచుకుంది. పొడుగ్గా, పల్చగా ఉన్న పెద్దాయన, కాళ్ళకు మందపాటి మేజోళ్ళు. చెప్పులు విప్పమని సైగ చేశాడు. లోపల అడుగుపెట్టగానే చెవులమ్మకు తన అడుగుల చప్పుడు వినబడడం ఆగిపోయింది. గోడలకు, కప్పుకు, తలుపుకు లోపలి వైపు, అంతా మెత్తలు.

బావ ఒక మెత్తను వేలితో నొక్కి చూశాడు, పనివాడు కదా. "మంచి ఫోమే వాడారండీ!" అన్నాడు, తన మామూలు గొంతుతో. పెద్దాయన రెండు చేతులతో తల పట్టుకుని గోడకు ఒరిగిపోయాడు. బావ మొహం పాలిపోయింది. ఆ తరవాత అక్కడున్నంతసేపూ నోరు విప్పలేదు, పెళ్ళయ్యాక అంతసేపు ఊరుకోవడం అదే మొదలు.

"పాటలు రికార్డు చేసేవాణ్ణి," అన్నాడు పెద్దాయన గుసగుసగా. "ఇదే గది. ఇప్పుడు చెంచా కిందపడితే పంటి నరం పట్టి లాగినట్టుంటుంది. ఆ టికెట్లు మా అమ్మాయి కొని పంపింది. స్నేహితుణ్ణి తీసుకుని వెళ్ళు నాన్నా అంది. దానికి తెలీదు."

"చెప్పొచ్చు కదండీ?"

"చెబితే నా ముందు అందరూ గుసగుసలాడతారు. మనవలు నవ్వడం మానేస్తారు. దూరం నుంచి ఫోన్ చేసి, 'నాన్నా!' అని అరుస్తుందమ్మా అది. నొప్పే. కానీ అలా పిలవడం మానేస్తే?" ఆయన కాసేపు మెత్తల గోడను నిమిరాడు. "మీ అక్కగారు విని వచ్చాక, ఎలా పాడిందో నాకు రాసి పంపండి. అమ్మాయి అడుగుతుంది. బాగా పాడిందని చెప్పాలి కదా."

చెవులకు దూది కుక్కుకుని, పైన మఫ్లరు కట్టుకుని ఆయన వాళ్ళ వెంట హాలుకు వచ్చాడు. దారిలో ఒక లారీ హారను కొడితే గోడ పట్టుకుని నిలబడిపోయాడు, కళ్ళ నీళ్ళు కారాయి, అయినా వెనక్కి తిరగలేదు. కౌంటరామె ఆయన పేరు తీసేసి అక్క పేరు, చెవులమ్మ పేరు ఎక్కించింది. చెవులమ్మ డబ్బు అక్కడే ఇచ్చింది. ఆయన దాన్ని చూడకుండానే జేబులో పెట్టుకుని, ఆమెకు నమస్కారం పెట్టి, గోడ వారగా నడిచి వెళ్ళిపోయాడు.

"ఆ కూతుర్ని అనాలి బావా," అంది చెవులమ్మ హాలు మెట్లు దిగుతూ. "కన్నతండ్రి చెవులు ఇలా అయిపోతే తెలుసుకోలేకపోతే ఎలా? కళ్ళు మూసుకుని కూర్చుందా ఏమిటి?"

శనివారం సాయంత్రం బావ ఇద్దర్నీ తన పరుపుల వ్యానులో దింపాడు. అక్క తనే కుట్టుకున్న నీలం రంగు కొత్త బట్టలు వేసుకుంది. దారిలో చెవులమ్మ ఆమె అరచేతిని తన చేతిలోకి తీసుకుంది. "మొదటి పాట చీకట్లో పాడుతుందట. గొంతు వినబడగానే నా చెయ్యి నొక్కు. బటనే అనుకో."

"అక్కడ కూడా పరీక్షేనటే నాకు?" అని అక్క నవ్వింది.

హాలు మెట్ల మీద కొంతమంది నిలబడి ఉన్నారు, పండగలా ముస్తాబై, లోపలికి పోలేక. గేటు దగ్గర మెషిన్ ఎర్రగా వెలిగి వాళ్ళను ఒక్కొక్కరినే పక్కకు నెడుతోంది. అందరి ఫోన్లలో అవే సీట్లు, నడవ పక్కవి. కొంగు నోట్లో కుక్కుకుని ఒకామె ఏడుస్తోంది. ఆమె భర్త ఫోన్ పెద్దగా వినబడేలా పెట్టి అరుస్తున్నాడు. "దారిలో ఉన్నా అన్నా, వచ్చేస్తున్నా అన్నా" అంటోంది వెన్న రాసిన గొంతు. వెనకాల పాప కిలకిలా నవ్వింది. పళ్ళెం పడి గిరగిరా తిరిగింది. చెవులమ్మ తుమ్ము వినబడకముందే అక్క చెయ్యి పట్టుకుని గబగబా మెట్లెక్కేసింది. పాపం అనిపించింది. ఏం చెయ్యను, చెయ్యడానికేముంది అని కూడా అనిపించింది. గేటు మెషిన్ వాళ్ళకు పచ్చగా వెలిగింది.

దీపాలు ఆరిపోయాయి. పక్కనున్న అక్క నీలం బట్టలు కూడా కనిపించనంత చీకటి. జనం దగ్గడం మానేశారు. చాలాసేపు ఏమీ లేదు. తరవాత ఆ గొంతు వచ్చింది.

ఎక్కడ మొదలైందో తెలియలేదు. చెవి పక్కనే ఎవరో నిద్దట్లోంచి పిలిచినట్టుంది. సన్నగా మొదలై, పెరిగి, హాలంతా నిండింది. వెనక వరుసలో ఎవరో వెక్కారు. అక్క చెయ్యి వెచ్చగా ఆమె చేతిలో ఉంది. బటన్ మీద పెట్టినట్టు బొటనవేలు సిద్ధంగా ఉంది. కదలలేదు.

మైమరచిపోయిందేమో అనుకుంది. గొంతు ఇంకా పైకి లేచింది, కప్పుకు తగిలి కిందికి కురిసింది. బొటనవేలు కదలలేదు. పల్లవి రెండోసారి వచ్చింది. వేలు అలాగే ఎదురుచూస్తోంది.

గాయని ఆగింది. ఒక్కసారిగా, ఊపిరి తీసుకోవడానికన్నట్టు. చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. హాల్లో ఏ చప్పుడూ లేని ఆ క్షణంలో అక్క ఆమె చెయ్యి నొక్కింది. మెల్లగా, నమ్మకంగా. ఇంకోసారి నొక్కింది.

చెవులమ్మకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. పక్క సీట్లో వెచ్చటి చెయ్యి ఉంది గాని ఆ మనిషి ఈ హాల్లో లేదు. ఇంకెక్కడో ఉంది, గోడలన్నీ మెత్తలు కుట్టిన చోట. అద్దం వైపు తిప్పిన కుర్చీ గుర్తొచ్చింది. జారిపోతున్న గుడ్డ, కట్టేసిన రేడియో, బావ శంఖం సామెత. ఊళ్ళో ఎవరెవరికో, దొంగలకు కూడా ఖాళీ ఇచ్చింది. అక్కకు ఇవ్వలేదు.

విరామంలో దీపాలు వెలిగాయి. అక్క చుట్టూ చూసింది. అందరూ కళ్ళు తుడుచుకోవడం చూసి తనూ తుడుచుకుంది. "ఎంత బాగా పాడిందే!" అంది. ముందు వరుసవాళ్ళు ఉలిక్కిపడి వెనక్కి తిరిగేంత పెద్దగా.

చెవులమ్మ పెదవులు కదిపింది. గొంతు పెట్టలేదు. 'నీకు నచ్చిందా?'

"నచ్చకపోవడమేమిటే!"

'ఎప్పటి నుంచి అక్కా?' అంది, మళ్ళీ గొంతు లేకుండానే.

అక్క నవ్వు అలాగే ఆగిపోయింది. చెల్లెలి పెదవుల వైపు చాలాసేపు చూసింది. "నువ్వు గొంతు పెట్టి అడుగుతున్నావా," అంది, "ఊరికే పెదాలు ఆడిస్తున్నావా? నాకు తేడా తెలీదే."

చెవులమ్మ అక్కడే, అందరి ముందూ ఏడ్చేసింది.

"గడ్డ అని చెప్పిన కొన్నాళ్ళకే," అంది అక్క, ఆమె కన్నీళ్ళు కొంగుతో తుడుస్తూ, గొంతు తగ్గించడానికి ప్రయత్నిస్తూ. "ఒక పొద్దున్న లేచేసరికి లేదు. మీ బావకు నోరు పెద్దది, పెదాలు బాగా కనిపిస్తాయి. రోజులు నెట్టుకొచ్చాను."

"పరీక్షలో అన్నీ నొక్కావు కదే!"

"నీ మోచెయ్యి కదిలినప్పుడల్లా నొక్కాను. నిక్షేపంలా ఉందన్నప్పుడు నీ మొహం ఎలా వెలిగిందో నీకేం తెలుసు? అప్పుడెలా చెప్పను? చెప్పిన మరుక్షణం నుంచీ మీరిద్దరూ నా మీదుగా మాట్లాడుకుంటారు. ఈ నాలుగు రోజులూ మామూలుగా మాట్లాడారు నాతో. అది చాలనిపించింది."

"డాక్టరు ఆ గీతే చూస్తున్నాడక్కా."

"అందుకే రేపు పొద్దున్నే మళ్ళీ గియ్యి. గోడ వైపు తిరిగి కూర్చుంటాలే."

గంట మోగింది. అక్కకు వినబడలేదు, జనం సీట్లకు తిరిగి రావడం చూసి సర్దుకుని కూర్చుంది. ఇంటికి వెళ్ళిపోదామా అని చెవులమ్మ సైగ చేసింది.

"ఎందుకు వెళ్ళడం? ఇంత కష్టపడి సంపాదించిన సీట్లు! నా కళ్ళకేం రోగం? ఆవిడ మొహం చూస్తాను." అని, చెవులమ్మ చేతిని తిప్పి, ఈసారి తన అరచేతిని కింద పెట్టింది. "ఒక పని చెయ్యి. ఆవిడ గొంతు వచ్చినప్పుడల్లా నువ్వు నొక్కు. నా కోసం అని మధ్యలో కల్పించి నొక్కావంటే ఊరుకోను. నాకు నిజం కావాలి."

దీపాలు తగ్గాయి. వేదిక మీద ఒక్క వెలుగు మిగిలింది. గాయని నోరు తెరిచింది, చెవులమ్మ అక్క అరచేతిలో బొటనవేలు నొక్కింది. గొంతు సాగినంతసేపూ నొక్కి ఉంచింది. సన్నబడితే మెల్లగా, పెరిగితే గట్టిగా నొక్కింది. అక్క వేదిక మీద నుంచి చూపు తిప్పలేదు. ఆమె పెదవులు కూడా కదలసాగాయి, ఒక మాట ముందు, ఒక మాట వెనక. పాట మధ్యలో ఆగింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. చెవులమ్మ వేలు ఎత్తేసింది. నొక్కాలని ఎంతగానో అనిపించినా మళ్ళీ గొంతు వచ్చేదాకా నొక్కలేదు.